పియానో చక్రాల కింద నిమ్మకాయలు

నగరిలో పుట్టినవాళ్లను తిరుపతి బస్టాండులో కళ్లు మూసుకుని గుర్తుపట్టవచ్చు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినా వీధి చివర ఉన్నవాడిని పిలిచినట్టే ఉంటుంది. మరమగ్గాల చప్పుడులో పెరిగిన గొంతులవి. మగ్గం ఆడుతున్న ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా అరవాలి, లేదా ఎదుటి మనిషి పెదవులు చూసి గ్రహించాలి. భువనేశ్వరిది కూడా ఆ గొంతే. చేసే పని మాత్రం ఆ గొంతుకు బొత్తిగా పొసగనిది. తిరుపతిలో ఆమె పిల్లలకు పియానో నేర్పుతుంది. మేడ మీద గదిలో "మెల్లగా, ఇంకా మెల్లగా వాయించు" అని ఆమె చెబితే, కింద వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి చెయ్యి ఆపి పైకి చూస్తాడు.

ఆమె తండ్రి చెంగల్రాయుడికి నాలుగు మగ్గాలూ ఒక హార్మోనియమూ ఉండేవి. మగ్గాలు కడుపుకు, పెట్టె ద్రౌపదమ్మకు అనేవాడు. వేసవి వస్తే ద్రౌపదమ్మ గుడి ముందు భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. రెండింటికీ పెట్టె ఆయనదే. చాప మీద కూర్చోగానే పెట్టెకు గంధం పెట్టి, కుంకుమ అద్ది, కర్పూరం చూపించి, ఆ తర్వాతే తిత్తి మీద చెయ్యి వేసేవాడు. వేసవి వాన పడిన రోజున చెక్క ఉబ్బి, నొక్కిన మెట్లు కొన్ని పైకి లేచేవి కావు. అందుకని ఆయన పాట ఆపేవాడు కాదు. పట్టుకున్న మెట్టును బొటనవేలి గోటితో పైకి ఎగదోస్తూ, మిగిలిన వేళ్లతో వాయించుకుంటూ పోయేవాడు.

భారతం అన్నాక ఏదో ఒకటి అడ్డం పడుతుంది. జనరేటరు ఆగిపోతుంది. భీముడి కిరీటం కనిపించదు. తపసు చేసేందుకు గుడి ముందు నాటిన మాను ఎక్కాల్సిన అర్జునుడు టీ తాగడానికి పోయి తిరిగిరాడు. అలాంటప్పుడు కథ చెప్పే దాసు కంగారు పడడు. ఒక పిట్టకథ అందుకుంటాడు. జనం లేవకుండా నవ్విస్తాడు. కిరీటం దొరికిందని తెర వెనక నుంచి చెయ్యి ఊపగానే పిట్టకథను గూటికి చేర్చి, అసలు కథలోకి వచ్చేస్తాడు. తండ్రి పెట్టె పక్కన కూర్చుని భువనేశ్వరి చిన్నప్పుడు చూసింది ఇదంతా. అది కూడా ఒక చదువేనని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

అసలు చదువు చిత్తూరులో, ఆడపిల్లల హాస్టల్లో. ఆ బడి ప్రార్థన గదిలో పాత పియానో ఒకటి ఉండేది. దాన్ని మొదటిసారి చూసిన రోజు భువనేశ్వరి వెనక్కి వెళ్లి తిత్తి కోసం వెతికింది. గాలి కొట్టకుండా ఇది ఎట్లా మోగుతుందో ఆమెకు అర్థం కాలేదు. సంగీతం చెప్పే నిర్మలమ్మ టీచరు చాలాసేపు నవ్వి, "తిత్తి లేదు పాపా, దీనికి రెండు చేతులూ కావాల, రెండు కాళ్లూ కావాల. పనికి భయపడనిదానివైతే కూర్చో" అంది. భువనేశ్వరి కూర్చుంది. ఆ తర్వాత పియానో పరీక్షల కోసం నగరి పక్కనే ఉన్న ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కి మద్రాసు వెళ్లి వచ్చేది. ఏం చదువుతున్నదని ఊళ్లో ఎవరైనా అడిగితే మేనత్త మునిరత్నమ్మ, "వాళ్ల నాయనది చిన్న పెట్టె, ఇది పెద్ద పెట్టె వాయిస్తాది" అని తేల్చేసేది.

పెళ్లయ్యాక తిరుపతి. భర్త ప్రతాప్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతాడు. భువనేశ్వరి మేడ మీద గదిలో పాత పియానో ఒకటి వేసుకుని పాఠాలు మొదలుపెట్టింది. పిల్లలు బాగానే వచ్చేవారు. రెండేళ్ల కిందట వడమాలపేట దగ్గర స్కూటరు మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగేదాకా అంతా సాఫీగానే నడిచింది.

చెయ్యి అతుక్కుంది. అతుకు గురించి ఎవరికీ అనుమానం లేదు, ఆ మణికట్టుకు తప్ప. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే భువనేశ్వరి అన్నీ వాయించేది. శిష్యురాలి తల్లి ఒక్కతె వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, కుడిచెయ్యి కొయ్యబారిపోయేది. బొటనవేలిని అరచేతి కిందికి తిప్పే చోట మరీను. అక్కడ మళ్లీ చిటుక్కుమంటుందని లోపల ఒక భయం. దాంతో ఆమె వాయించి చూపించడం మానేసి నోటితో చెప్పడం మొదలుపెట్టింది. "ఆ టీచరమ్మకు చెయ్యి పోయిందంట. ఇప్పుడంతా నోటి పాఠమేనంట" అనే మాట వీధులు దాటింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

"ఒక్కసారి నలుగురి ముందర మొదట్నుంచి కడదాకా వాయించాల. అది చేతకాకపోతే ఈ పాఠాలు సాలిస్తా" అని ఆమె భర్తతో చెప్పింది.

"సాలించి ఏం సేస్తావు? నాకు సెబుతావు పాఠాలు. దానికంటే నువ్వు వాయించేదే మేలు" అన్నాడు ప్రతాప్.

అదే సమయానికి ధనంజయ కలిశాడు. కార్వేటినగరం మనిషి, బ్యాంకులో అధికారిగా రిటైరై తిరుపతిలో స్థిరపడ్డాడు. పాశ్చాత్య సంగీతమంటే పిచ్చి. నలుగురైదుగురు స్నేహితులతో ఒక సంగీత బృందం నడుపుతున్నాడు. భువనేశ్వరి ఒక్కతే వేదిక మీద కూర్చుని గంటన్నర వాయించేలా కచేరీ పెడదామన్నాడు. పడి లేచినవాళ్ల కథలు చెప్పే రచనలే ఎంచుకుందామన్నాడు. కాలేజీ ఆడిటోరియం కుదిర్చాడు. మద్రాసు నుంచి పెద్ద పియానోను అద్దెకు మాట్లాడాడు. ఆహ్వానపత్రిక మీద కింద చిన్న అక్షరాల్లో నియమాలు వేయించాడు: సెల్‌ఫోన్లు మోగకూడదు, రచన పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదు, మధ్యలో లేచి నడవకూడదు.

"రచనల వెనక కథలు నేను చెప్పనా సార్?" అని భువనేశ్వరి అడిగింది.

"వద్దు మేడం. కథలన్నీ పియానోనే చెబుతుంది. మీరు మౌనంగా వచ్చి, మౌనంగా వెళితే హుందాగా ఉంటుంది" అన్నాడు ధనంజయ. ఆమె గొంతు ఆయన ఫోన్లో చాలాసార్లు విన్నాడు.

కచేరీ ఆదివారం సాయంత్రం. పియానో పొద్దున్నే లారీలో వచ్చింది. దానితోపాటు దాన్ని శ్రుతి చేసే దొరస్వామి కూడా వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పియానోల వెంట తిరుగుతున్న మనిషి. మధ్యాహ్నం బాగా దాటాక తీగలన్నీ సరిచూడడం ముగించి, మూత వేసి, ఆలస్యంగా భోజనానికి వెళ్లాడు. ధనంజయ పూలదండలు తేవడానికి వెళ్లాడు. భువనేశ్వరి వేదిక వెనక గదిలో చీర మార్చుకుంటోంది. సరిగ్గా అప్పుడే నగరి నుంచి చుట్టాల వ్యాను దిగింది. కచేరీకి ఇంకా గంటకు పైగా టైముంది. నగరివాళ్లు ఖాళీగా కూర్చునే రకం కాదు.

కుచ్చిళ్లు సరిచేసుకుంటున్న భువనేశ్వరికి వేదిక మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆగండి, ఆగండి! ముందర చక్రం ఇంకా ఎక్కలేదు. మురుగేషూ, నువ్వా పక్క పట్టుకోప్పా. ఆఁ, ఇప్పుడు తొయ్యండి!"

ఆ గొంతు మునిరత్నమ్మది. భువనేశ్వరి చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే పరుగెత్తింది.

వేదిక మధ్యలో నల్లటి పియానో మూరెడు ముందుకు జరిగి ఉంది. దాని మూడు కాళ్ల కింద మూడు చక్రాలు, మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు చితికి రసం కారుతోంది. తమ్ముడు మురుగేష్, మరో ఇద్దరు చుట్టాలు చొక్కాలు తడిసి రొప్పుతున్నారు. పియానో మూత తెరిచి ఉంది. ఈ కొస నుంచి ఆ కొసదాకా ప్రతి తెల్ల మెట్టుకూ గుండ్రంగా గంధం, దాని నడుమ కుంకుమ. పేరంటానికి ముస్తాబైన పళ్లవరసలా ఉంది.

"అత్తా, ఏందిది?"

"ఏందంటావేమే? చక్రాలుండేదానికి నిమ్మకాయ తొక్కించకుండా నడిపేదా? నీ స్కూటరుకు తొక్కించలేదు కాబట్టే కదా మామిడికాయ మింద పడితివి?"

"ఇది బండి కాదత్తా!"

"మద్రాసు నుంచి రోడ్డు మింద వచ్చిండాది. చక్రాలుండాయి. బండి కాకుంటే ఇంకేంది?"

"సరే, మెట్లకెందుకు బొట్లు?"

"మీ నాయన బొట్టు పెట్టకుండా ఏనాడన్నా పెట్టె ముట్టినాడా?"

"నాయన పెట్టెకు పెట్టినాడు, మెట్లకు కాదు."

"అది చిన్న పెట్టె, ఒక బొట్టు సాలు. ఇది సూడు, ఏనుగు మాదిరి ఉండాది. ఎన్ని పెట్టినా తక్కువే" అంది మునిరత్నమ్మ. తన పని తనకు బాగా నచ్చినట్టు ఒకసారి దూరం నుంచి చూసుకుంది కూడా.

భువనేశ్వరి మధ్య మెట్టు ఒకటి నొక్కింది. దిగింది. లేవలేదు. పక్కది నొక్కింది. అది పక్కదాన్ని కూడా వెంటబెట్టుకుని దిగింది.

పెరుగన్నం తిని వక్కపొడి నములుతూ వచ్చిన దొరస్వామి నమలడం ఆపేశాడు. "అయ్యో మురుగా! ఎవరు సార్ ఇది చేసింది?" అన్నాడు, అక్కడ సారెవరూ లేకపోయినా. మెట్ల సందుల్లోకి గంధం కారి ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. "ఇందులో నీళ్లు ఎన్ని పోశారమ్మా?"

"నీళ్లు పోస్తామా శుభానికి? పన్నీరు కలిపినాను" అంది మునిరత్నమ్మ, కొంచెం నొచ్చుకుని.

"పన్నీరు!" దొరస్వామి నేల మీద కూర్చుండిపోయాడు.

పూలదండలతో వచ్చిన ధనంజయ నిమ్మరసం మీద కాలు జారి, పియానో పట్టుకుని నిలదొక్కుకున్నాడు. సంగతి విన్నాక ఆయన బ్యాంకు భాష ఊడిపోయి కార్వేటినగరం భాష బయటికొచ్చింది. "ఇంగేం సేసేది? జనం వస్తా ఉండారు! బయట యాబై బండ్లుండాయి!" చెమట తుడుచుకుని మళ్లీ సర్దుకున్నాడు. "మేడం, ఒక మాట. సాంకేతిక కారణాల వల్ల వాయిదా అని చెప్పేద్దామా? ఎవరూ తప్పు పట్టరు."

ఆ మాట విన్న క్షణంలో భువనేశ్వరి కుడి మణికట్టు హాయిగా సడలింది. పొద్దుటి నుంచి బిగుసుకుని ఉన్నది కాస్తా ఒక్కసారిగా వదులైంది. ఆమెకు భయం వేసింది అప్పుడే. ఇంత హాయిగా ఉంటే ఇంకోసారి కూడా వాయిదా వేస్తుంది, ఆ తర్వాత ఇంకోసారి. వాయిదాకు సాకు దొరకడం కష్టం కాదు, చుట్టాలున్నంత కాలం.

"వాయిదా వద్దు సార్," అంది. "దొరస్వామన్నా, ఎంతసేపు కావాల?"

"మెట్ల చట్రం మొత్తం బయటికి లాగాల. సందులన్నీ స్పిరిట్‌తో తుడవాల. చెక్క తడి పీల్చింది, ఆరబెట్టాల. టైముకు మాత్రం కాదమ్మా."

"నువ్వు లాగు. టైముకు తెర ఎత్తుదాం. నువ్వు పని సేస్తా ఉండు, నేను మాట్లాడతా ఉంటా."

"తెర ఎత్తి? పియానో పొట్ట విప్పి ఉండగానా?" ధనంజయ గొంతు పీలగా వచ్చింది. "మేడం, మౌనంగా అనుకున్నాం కదా..."

"భీముడి కిరీటం కనబడలేదు సార్" అంది భువనేశ్వరి. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మునిరత్నమ్మకు అర్థమై, సంచీ సర్దుకుని ముందు వరసలో కూర్చోవడానికి దిగిపోయింది.

తెర లేచింది. హాలు ముప్పాతిక భాగం నిండింది. పాత శిష్యుల తల్లిదండ్రులు మధ్య వరసల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లు ఏం చూడ్డానికి వచ్చారో భువనేశ్వరికి తెలుసు. వేదిక మీద పియానో నోరు తెరిచి ఉంది. సొరుగులాగా బయటికి లాగిన మెట్ల చట్రాన్ని బల్ల మీద పెట్టుకుని, దొరస్వామి గుడ్డపేలికతో తుడుస్తున్నాడు. ధనంజయ మైకు అందించబోయాడు.

"మైకు వద్దు సార్, నేను నగరిదాన్ని" అంది భువనేశ్వరి. వెనక వరసదాకా వినిపించింది. మొదటి నవ్వు అక్కడి నుంచే వచ్చింది.

"అందరికీ నమస్కారం. పెట్టె తయారయ్యేదానికి కొంచెం సేపు పడతాది. ఎందుకు పడతాదో మా అత్త ముందు వరసలోనే కూర్చోనుండాది, తర్వాత అడగండి. అంతలోపల నా చెయ్యి కథ సెబుతా. రెండేండ్ల కింద, మామిడికాయల కాలం. పుత్తూరు నుంచి స్కూటర్లో వస్తా ఉండా. వడమాలపేట కాడ నా ముందర తోతాపురి కాయల ట్రాక్టరు. దాంట్లో నుంచి ఒక్క కాయ కింద పడింది. ట్రాక్టరంత లోడు నన్నేమీ సెయ్యలేదు. ఆ ఒక్క కాయ సేసింది. పడినాను. లేసినాను. స్కూటరు బాగుండాది. కాయ కూడా బాగుండాది. చెయ్యి మాత్రం ఇట్ల తిరుక్కుండాది."

జనం నవ్వారు. దొరస్వామి తల ఎత్తి ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

"మా ఆయన ఆస్పత్రికి పోదామన్న్యాడు. మా అత్త ఫోన్లో, 'పుత్తూరు ఎముకల కట్టును పక్కన పెట్టుకోని ఆస్పత్రి అంటావేమప్పా, నవ్వుతారు' అనింది. సరే, కట్టు కట్టించుకునేదానికి పోయినాం. ఆడ పెద్ద వరస. నా పక్కన ఒకాయన, కాలు విరిగిండాది. 'ఎన్ని అడుగులమ్మా?' అన్న్యాడు. 'ఏం అడుగులు?' అన్న్యా. 'ఎంత ఎత్తు నుంచి పడితివి? నేను కొబ్బరిచెట్టు.' నేను స్కూటరు అంటే, 'అంతేనా!' అని మొగం అటు తిప్పుకున్న్యాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు."

ఇప్పుడు మధ్య వరసల్లో కట్టుకున్న చేతులు కూడా విడిపోయాయి. పుత్తూరు వరసలో ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని ఉండని కుటుంబం ఆ చుట్టుపక్కల తక్కువ. ఇంతలో దొరస్వామి నెమ్మదిగా అన్నాడు, "పౌడరు ఉంటే బాగుండు. మెట్ల పక్కన రాస్తే పట్టుకోవు."

నెమ్మదిగా అన్నది కూడా పెదవులు చూసి గ్రహించే చుట్టాలున్నారు కదా. "పౌడరెందుకప్పా, నా కాడ ఈబూది ఉండాది!" అంటూ మునిరత్నమ్మ సంచీలో నుంచి విభూతి పొట్లం తీసి, నడవకూడదన్న నియమం పక్క నుంచే నడిచి వేదిక ఎక్కింది. దొరస్వామి పొట్లం విప్పి, వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకో దారి లేక మెట్ల పక్కలకు రాశాడు. హాలంతా ఘొల్లుమంది. ధనంజయ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఆ కట్టు కట్టే పెద్దాయన," భువనేశ్వరి మళ్లీ అందుకుంది, "నా చెయ్యి పట్టుకోని, 'యా ఊరు తల్లీ మీది?' అన్న్యాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్న్యా. 'నగ...' అన్న్యా. అంతే, లాగేసినాడు! మిగిలిన అక్షరం పుత్తూరు రైలు స్టేషన్లో వినబడింది."

నవ్వులు తగ్గేలోపు దొరస్వామి చట్రాన్ని లోపలికి తోసి, చెక్క బిగించి, తెర వెనక మనిషిలా చెయ్యి ఊపాడు. కిరీటం దొరికింది. భువనేశ్వరి పియానో ముందు కూర్చుంది.

"ఆ కేక ఎంత పైన పలికిందో సూపిస్తా" అని, కుడిచెయ్యి చాచి, చిట్టచివరి మెట్టు ఒకటి ఠంగున కొట్టింది.

చప్పట్లు మోగాయి. చెయ్యి వెనక్కి తీసుకుంటూ ఆమె దాన్ని ఒకసారి చూసుకుంది. నలుగురి ముందు కుడిచెయ్యి కొట్టిన మొదటి స్వరం అది, రెండేళ్ల తర్వాత. మాటల సందడిలో మణికట్టు బిగుసుకోవడం మరిచిపోయింది.

"కట్టు ఉన్నన్నాళ్లూ నాకు ఎడమచెయ్యి ఒకటే. రష్యాలో ఒకాయనకు కూడా ఇట్లే కుడిచెయ్యి దెబ్బతినింది. ఆయన ఊరకుండకుండా ఒక్క ఎడమ చేత్తోనే వాయించేదానికి ఒకటి రాసుకున్న్యాడు. పాపం, ఆయనకు పుత్తూరు తెలీదు. ముందు అది వాయిస్తా."

కార్యక్రమంలో అది చివరిది. ఆమె దాన్ని ముందుకు తెచ్చింది. కింది మెట్లు బాగా ఆరాయి, ఆ రచన ఎక్కువగా అక్కడే తిరుగుతుంది. ఒక్క చెయ్యే పాటనూ దాని కింది నడకనూ మోసుకుంటూ పోతుంటే, రెండో చెయ్యి ఎక్కడైనా దాచి వాయిస్తోందా అని వెనక వరసల వాళ్లు మెడలు చాచి చూశారు. కుడిచెయ్యి ఆమె ఒళ్లోనే ఉంది.

తర్వాతది మూడు భాగాల పెద్ద రచన. "ఇది రాసినాయనకు చెవుడు. తను రాసింది తనకే వినబడేది కాదు" అని ఆమె చెప్పగానే నగరి వరస నుంచి ఎవరో, "మన కుప్పయ్య మాదిరి!" అన్నారు. మగ్గాలు బాగుచేసే కుప్పయ్య చెవికి చెయ్యి ఆనించుకుని, "ఏందీ?" అన్నాడు. భువనేశ్వరి నవ్వు ఆపుకోలేక, ఊపిరి సర్దుకుని, మొదలుపెట్టింది.

మొదటి భాగం ముగియగానే చప్పట్లు పడ్డాయి. ధనంజయ లేచి ఇంకా అవ్వలేదన్నట్టు రెండు చేతులూ గాల్లో ఆడించాడు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడని నగరివాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. రెండో భాగం చాలా మెల్లగా నడిచేది. నగరి వరసకు అందులో సగం కూడా వినిపించి ఉండదు. అయినా ఒక్కరూ కదలలేదు. మాటను పెదవుల మీద చదువుకునే అలవాటున్నవాళ్లు, ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు.

మూడో భాగం వేగం. కుడిచెయ్యి కింది నుంచి పైకి ఎగబాకాలి, బొటనవేలు పదేపదే అరచేతి కిందికి దూరాలి. సగం దాటింది. అక్కడ, నడిమి మెట్లలో ఒకటి, దిగింది, లేవలేదు. వేదిక పక్కన నిలబడ్డ దొరస్వామి అది విని నుదురు పట్టుకున్నాడు. ఆ స్వరం మళ్లీ రావాలి. ఇంకో రెండు వరసల తర్వాత రావాలి, ఆ తర్వాత వస్తూనే ఉండాలి.

భువనేశ్వరి ఆలోచించలేదు. ఆలోచించే వ్యవధి లేదు. ఆమె బొటనవేలు అరచేతి కిందికి తిరిగి, గోటితో ఆ మెట్టును కింది నుంచి పైకి ఎగదోసి, మళ్లీ పాటలో కలిసిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ ఎగదోసింది. ఏ తిప్పుడుకు రెండేళ్లుగా ఆమె మణికట్టు భయపడుతోందో సరిగ్గా అదే తిప్పుడు. మూడోసారి ఎగదోశాక గాని అది ఆమెకు తెలియలేదు. తెలిశాక ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖంతోనే చివరి వరస ఎక్కి, రెండు చేతులూ కలిపి ఆఖరి స్వరాలను దించింది.

"సెంగల్రాయుడు! అచ్చం మా సెంగల్రాయుడే! గోరు సూసినారా?" అని మునిరత్నమ్మ చుట్టూ ఉన్నవాళ్లకు అరిచి చెబుతోంది. చప్పట్లలో ఆమె గొంతు ఒక్కటే విడిగా వినిపించింది. చప్పట్లు ఆగకముందే మురుగేష్ వేదిక ఎక్కి, సొంత మగ్గం మీద నేసిన ఎర్రంచు పంచెను అక్క భుజాల మీద కప్పాడు. భారతంలో బాగా ఆడినవాడికి అలాగే కప్పుతారు, ఆట ముగిసేదాకా ఆగరు. ఆ పంచె భుజాల మీద ఉండగానే ఆమె ఇంకో రెండు చిన్న రచనలు వాయించింది, వాటి ముందు ఇంకో రెండు కథలు చెప్పింది. మెట్టు పట్టుకున్నప్పుడల్లా బొటనవేలు దాని పని అది చూసుకుంది.

కచేరీ అయ్యాక మధ్య వరసల నుంచి ఒకావిడ, పాప చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ పాప ఆరు నెలల కిందట పాఠాలు మానేసింది. "మళ్లీ పంపిస్తాను మేడం. ఇప్పుడు వాయించి చూపిస్తారు కదా?" అంది తల్లి.

"చూపిస్తాను" అంది భువనేశ్వరి. మామూలు గొంతుతోనే అంది. హాలు గుమ్మం దగ్గరున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ధనంజయ వచ్చి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "మేడం, వచ్చే కచేరీకి ఆహ్వానపత్రికలో 'కథలతో' అని వేయిద్దాం. నియమాలు కొంచెం తగ్గిద్దాం."

దొరస్వామి పియానోకు గుడ్డ కప్పుతూ, మెట్ల మీద అక్కడక్కడా మిగిలిన కుంకుమను చూసి, తుడవబోయి ఊరుకున్నాడు. "మద్రాసులో అడిగితే తిరుపతి పోయొచ్చిందని చెబుతా" అన్నాడు. తర్వాత మునిరత్నమ్మ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. "ఇంకోసారి మాత్రం మెట్ల జోలికి పోకమ్మా."

"పోనప్పా, పోను. నాకు తెలిసిపోయింది, తప్పు నాదే" అంది మునిరత్నమ్మ.

ఆమె నోట ఆ మాట రావడం భువనేశ్వరి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. పంచె సర్దుకుంటూ ఆగిపోయింది.

"తెల్లోటికి మాత్రం పెట్టినా," మునిరత్నమ్మ ఖాళీ గంధం గిన్నెను సంచీలో వేసుకుంటూ అంది, "నల్లోటికి పెట్టలా. అలగవా మరి? అవే పట్టుకోని లాగినాయి. వచ్చేసారి వాటికి కూడా పెడతాలే."